అంచు మీదే చూపు

ఈ పేజీల్లో నేను మామూలుగా పుస్తకాల గురించి రాస్తుంటాను. ఈసారి నా ముందు పుస్తకం లేదు. ఆట ఆడేవాళ్ళు వేసుకున్న బట్టలు, వాటిని చూసి జనం అన్న మాటలు ఉన్నాయి. మాటలున్న చోట విమర్శకుడికి కొంత పని ఉంటుంది. ఒక కవితను చదివి మనం ఏమన్నామో ఆ కవిత గురించి కొంచెమే చెబుతుంది, మన గురించి చాలా చెబుతుంది. బట్ట విషయంలోనూ అంతేనని నాకు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

2005 సెప్టెంబరు సంగతి. హైదరాబాదులో పెరిగిన పద్దెనిమిదేళ్ళ సానియా మీర్జా అమెరికన్ ఓపెన్ టెన్నిస్‌లో నాలుగో రౌండు దాకా వెళ్ళి, మరియా షరపోవా చేతిలో ఓడి తిరిగి వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాదులోనే డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ గెలుచుకుంది. అంతకుముందు మన దేశపు ఆడపిల్ల ఎవరికీ అందని గెలుపు అది. ఇంటింటా ఆ పేరు వినబడుతున్న సమయంలో ఒక మతపెద్ద, ఆ అమ్మాయి వేసుకునే పొట్టి స్కర్టు, చేతుల్లేని చొక్కా మతానికి విరుద్ధమని ఫత్వా ఇచ్చాడని వార్త వచ్చింది. ఆ వెంటనే కలకత్తాలో జరగవలసిన పోటీని ఒక సంస్థ అడ్డుకుంటుందన్నారు. మేము అలాంటి బెదిరింపేదీ చేయలేదని ఆ సంస్థ చెప్పింది. అయినా ఆ అమ్మాయి పోలీసు కాపలా మధ్య ఆడవలసి వచ్చింది.

ఆనాటి మాటలను ఇప్పుడు తీరిగ్గా నెమరువేసుకుంటే రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి నిషేధించే గొంతు. అది అందరికీ తెలిసిందే, దాన్ని గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కరలేదు. రెండోది మెచ్చుకునే గొంతు. అది మనది. చదువుకున్నవాళ్ళది, పత్రికలు చదివేవాళ్ళది. 'చూశారా, ఎంత వెనకబడినవాళ్ళో' అని ఒక మతం వాళ్ళందరినీ ఒకే గాటన కట్టిన గొంతు అది. ఆమె పక్షాన నిలబడినట్టే ఉంటుంది. కాని ఫత్వా వార్త పక్కన అచ్చువేయడానికి ఎంచుకున్న ఫొటోలను గుర్తు తెచ్చుకోండి. సర్వీసుకు చెయ్యెత్తినప్పుడు, వంగినప్పుడు, స్కర్టు ఎగిరినప్పుడు తీసినవి. ఒకడు ఆ గుడ్డను చూసి కళ్ళు మూసుకోమన్నాడు. ఇంకొకడు కళ్ళు తెరిచి దానినే చూడమన్నాడు. ఇద్దరి చూపూ అంచు మీదే. ఆమె ఫోర్‌హ్యాండు దెబ్బలో ఉన్న వేగం గురించి, రెండో సర్వీసులో ఉన్న బలహీనత గురించి మాట్లాడుకున్నవాళ్ళు ఎంతమంది?

తాను గెలుస్తున్నంతవరకు స్కర్టు ఆరంగుళాలుందా ఆరడుగులుందా అని ఎవరూ పట్టించుకోనక్కరలేదని సానియా అన్నట్టు ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చింది. చురుకైన జవాబే. నేనూ అప్పుడు చప్పట్లు కొట్టాను. కాని ఆ వాక్యంలో 'గెలుస్తున్నంతవరకు' అన్న మాట ఇప్పుడు నన్ను ఇబ్బంది పెడుతోంది. మరి ఓడినప్పుడో? మొదటి రౌండులోనే ఇంటిముఖం పట్టే పిల్లకు, జిల్లా పోటీలు దాటని పిల్లకు తనకు వీలైన బట్ట వేసుకునే హక్కు లేదా? తప్పు సానియాది కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల చేత అలాంటి షరతు పెట్టుకునేలా చేసిన వాతావరణానిది. గెలుపును జరిమానాలాగ కట్టి, బదులుగా బట్టను విడిపించుకోవలసి రావడం అది.

ఈ కొలతల పిచ్చి మన దేశానికో, ఒక మతానికో పరిమితం అనుకుంటే పొరపాటు. 1919లో వింబుల్డన్ మైదానానికి సుజాన్ లెంగ్లెన్ అనే ఇరవయ్యేళ్ళ ఫ్రెంచి అమ్మాయి వచ్చింది. అప్పటి ఆడవాళ్ళు నడుము బిగించే కార్సెట్లు, పొరలు పొరలుగా లోపావడాలు, పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని ఆడేవారు. ఈమె కార్సెట్ వదిలేసింది. పిక్కల దాకా వచ్చే గౌను, పొట్టి చేతులు. పత్రికలు అసభ్యం అన్నాయి. ఆమె ఫైనల్లో డొరొథియా లాంబర్ట్ చేంబర్స్‌ను 10-8, 4-6, 9-7తో ఓడించింది. అవతలామె అంతకుముందు ఏడుసార్లు గెలిచిన మనిషి. లెంగ్లెన్ గాలిలోకి ఎగిరి కొట్టిన బంతులు కార్సెట్‌లో ఉంటే కొట్టగలిగేవి కావు. అంటే ఆ గౌను అలంకారం కాదు, ఆటలో భాగం. ఆ మాట అప్పుడు అన్నవాళ్ళు తక్కువ.

1949లో అదే వింబుల్డన్‌లో గస్సీ మోరన్ అనే అమెరికా క్రీడాకారిణి లోపలి నిక్కరుకు లేసు అంచు కుట్టించుకుంది. కుట్టినవాడు టెడ్ టిన్లింగ్. ఫొటోగ్రాఫర్లు ఆ అంచు కోసం కోర్టు పక్కన నేల మీద పడుకుని మరీ ఫొటోలు తీశారు. నిందపడ్డది మాత్రం టిన్లింగ్ మీద, మోరన్ మీద. ఎన్నో ఏళ్ళుగా వింబుల్డన్‌లో ఆటగాళ్ళ బాగోగులు చూసే పనిలో ఉన్న టిన్లింగ్ ఆ పని వదులుకోవలసి వచ్చింది. మళ్ళీ ఆ గడప తొక్కడానికి మూడు దశాబ్దాలు పట్టింది. పడుకుని ఫొటో తీసినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

సరే, గుడ్డ తక్కువైతే కోపం అనుకుందాం. మరి 1985లో ఏం జరిగింది? ఆన్ వైట్ అనే క్రీడాకారిణి మెడ నుంచి చీలమండ దాకా ఒంటికి అతుక్కునే తెల్లని ఒకే ముక్క దుస్తు వేసుకుని పామ్ ష్రైవర్‌తో ఆడింది. రంగు తెలుపే, నియమం ప్రకారమే. చర్మం దాదాపు కనబడదు. చీకటిపడి ఆట మర్నాటికి వాయిదా పడింది. ఆ దుస్తుతో మళ్ళీ రావద్దని అధికారులు చెప్పారు. మర్నాడు ఆమె మామూలు బట్టల్లో వచ్చి ఓడిపోయింది. 2018లో పారిస్‌లో సెరీనా విలియమ్స్ నల్లటి నిలువు దుస్తుతో ఆడితే కథ మళ్ళీ మొదలైంది. 2017 సెప్టెంబరులో ప్రసవమైన తర్వాత ఆమెకు రక్తం గడ్డలు కట్టి ప్రాణం మీదకు వచ్చింది. కాళ్ళకు రక్తప్రసరణ సాఫీగా ఉండటానికి ఆ బిగుతు దుస్తు ఉపయోగపడిందని ఆమె చెప్పింది. కొన్ని నెలలకు ఫ్రెంచి టెన్నిస్ సంఘం అధ్యక్షుడు, అలాంటివి ఇకమీదట ఒప్పుకోము, ఆటనూ స్థలాన్నీ గౌరవించాలి అన్నాడు. గౌరవం అనే మాట ఎంత సులువుగా వస్తుందో చూడండి. ఆ మైదానంలో మూడుసార్లు సింగిల్స్ గెలిచిన మనిషికి ఆ స్థలాన్ని గౌరవించడం నేర్పుతున్నారు. ఆ ఏడాది చివర మహిళా టెన్నిస్ సంఘం నియమం మార్చి, స్కర్టు లేకుండా బిగుతు లాగులతో ఆడవచ్చని స్పష్టం చేసింది.

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే, గొడవ గుడ్డ ఎక్కువ తక్కువలది కాదని తెలుస్తుంది. దీనికి మన హైదరాబాదే ఇంకో సాక్ష్యం. సానియాకు స్కర్టు తప్పన్న ఆరేళ్ళకు, 2011లో, ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో ఆడవాళ్ళు స్కర్టు తప్పనిసరిగా వేసుకోవాలని నియమం చేసింది. నిక్కరు వేసుకుంటే దాని మీదనైనా స్కర్టు ఉండాలట. ఆట చూడముచ్చటగా ఉంటే జనం పెరుగుతారని లెక్క. మన దేశం నుంచీ, చైనా, ఇండొనేషియాల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. వాయిదాలు వేసి వేసి 2012లో ఆ ఆలోచన మానుకున్నారు. బ్యాడ్మింటన్‌కు హైదరాబాదు ఎంత పెద్ద కేంద్రమో మనకు తెలుసు. ఒకే ఊళ్ళో రాకెట్టు పట్టిన ఆడపిల్లల్లో ఒకరికి స్కర్టు పాపం, ఇంకొకరికి స్కర్టు విధి. రెండు ఆజ్ఞలూ ఇచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు ఎరగరు. కాని ఒకే బడిలో చదువుకున్నట్టు మాట్లాడారు.

2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలు బికినీ అడుగుముక్క బదులు పొట్టి నిక్కర్లు వేసుకున్నందుకు వారికి 1500 యూరోల జరిమానా పడింది. ఎక్కువ కప్పుకున్నందుకు జరిమానా! అల్లరి అయ్యాక ఆ ఏడాది చివరికి నియమం మార్చారు. 2011లో ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టు తల మీద గుడ్డ ఉన్నందుకు ఒలింపిక్ అర్హత పోటీలో జోర్డాన్‌తో ఆడకుండానే ఓడినట్టు లెక్క కట్టారు. 2014లో ఫిఫా ఆ గుడ్డకు అనుమతి ఇచ్చింది. అమ్మాన్‌లో మైదానం మీదే ఏడ్చిన ఆ పిల్లల కోసం, సానియా స్కర్టు కోసం మాట్లాడిన మన పెద్దమనుషులు ఎంతమంది మాట్లాడారో ఎవరికి వారు గుర్తు చేసుకోవాలి. నేను మాట్లాడలేదు.

ఇక్కడొక న్యాయమైన ప్రశ్న ఉంది. ఆటకు దుస్తుల నియమమే ఉండకూడదా? ఉండవచ్చు. నియమానికి ఆటలోంచి పుట్టిన కారణం ఉండాలి. బరువులెత్తే పోటీల్లో మోచేతులు, మోకాళ్ళు కనబడాలన్న నియమం అలాంటిది. చెయ్యి పూర్తిగా చాపారా లేదా అన్నది న్యాయనిర్ణేత చూడాలి కదా. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఆ నియమంతోనే ఎత్తింది. 2011లో కుల్సూమ్ అబ్దుల్లా అనే అమెరికా వెయిట్‌లిఫ్టర్, ఒళ్ళంతా కప్పుకుని ఎత్తనివ్వమని అడిగింది. ఒంటికి అతుక్కునే నిలువు దుస్తు అయితే కీళ్ళ కదలిక తెలుస్తూనే ఉంటుందని ఆలోచించి అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకుంది. అడిగినామె కారణం చెప్పింది. విన్నవాళ్ళు ఆటకు నష్టం ఉందా అని చూశారు. మర్యాదస్తుల పద్ధతి అది. ఒంటి గౌరవం, సంస్కృతి, చూడముచ్చట అన్న మాటలు అక్కడ రాలేదు.

వింబుల్డన్ కూడా 2023లో ఒక అడుగు వేసింది. ఆడవాళ్ళు స్కర్టు లోపల ముదురురంగు నిక్కరు వేసుకోవచ్చని ఒప్పుకుంది. తెల్లబట్టల్లో బహిష్టు రోజుల భయం గురించి క్రీడాకారిణులు బయటికి చెప్పాక వచ్చిన మార్పు అది. 1884 నుంచి అక్కడ ఆడవాళ్ళ పోటీలు జరుగుతున్నాయి. ఆ భయాన్ని గుర్తించడానికి నూట ముప్ఫై తొమ్మిదేళ్ళు పట్టింది. అన్నేళ్ళూ జనం ఆ తెలుపును చూసి 'ఎంత హుందా' అన్నారు. దాని లోపల వణికిన మనిషి ఎవరికీ కనబడలేదు.

మగవాళ్ళనూ ఏమీ అనరా అంటే అంటారు. ఆండ్రే అగస్సీ జీన్సు నిక్కర్లు, గులాబీ రంగులు వేసుకుని వచ్చినప్పుడు ఫ్రెంచి అధికారులు ముఖం చిట్లించారు. 1988 నుంచి 1990 దాకా అతను వింబుల్డన్‌కు వెళ్ళలేదు. 1991లో తెల్లబట్టల్లో వెళ్ళాడు, 1992లో గెలిచాడు. జనం అతని జులపాల జుట్టును తిరుగుబాటు అని చదివారు. 2009లో వచ్చిన ఆత్మకథలో అగస్సీ అసలు సంగతి చెప్పాడు. 1990 ఫ్రెంచి ఫైనల్లో అతని తలమీద ఉన్నది విగ్గు. ముందురోజు అది విరిగింది. ఆట అంతా, గెలుపు కంటే ముందు, అది ఊడిపడకూడదని దేవుణ్ణి వేడుకున్నాడట. ప్రపంచం తిరుగుబాటని చదివినచోట ఒక కుర్రవాడి సిగ్గు ఉంది. విమర్శకులం మనం ఈ కథను రోజూ ఒకసారి తలుచుకోవడం మంచిది.

అయినా మగవాడి విషయంలో త్రాసు వేరు. 2006 ఫిబ్రవరిలో లాహోర్‌లో మ్యాచ్ గెలిచాక మహేంద్రసింగ్ ధోనీ పొడుగు జుట్టును పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ బహిరంగంగా మెచ్చుకుని, కత్తిరించుకోవద్దని సలహా ఇచ్చాడు. దేశమంతా నవ్వుకుని మురిసింది. సానియా పోలీసు కాపలాలో ఆడిన అయిదు నెలలకు ఇది. మగవాడి వింత ముచ్చట అయింది, ఆడదాని వింత శాంతిభద్రతల సమస్య అయింది.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకని అడిగేవారికి ఒక జ్ఞాపకం. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' రాసినప్పుడు తెలుగు సాహిత్యలోకంలో లేచిన దుమారం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక గుడ్డముక్క ఆడమనిషి మెడ వంచేలా ఎలా చేస్తుందన్నది ఆ కవిత ప్రశ్న. వచ్చిన జవాబుల్లో చాలా భాగం, అయితే పైట లేకుండా తిరుగుతారా అన్న వెక్కిరింపు. స్త్రీలు ఒంటి గురించి రాసిన వాటికి కొందరు 'నీలి కవితలు' అని పేరు పెట్టారు. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం 'నీలిమేఘాలు' అన్న పేరుతోనే వచ్చింది. ప్రశ్నను వదిలి గుడ్డను పట్టుకోవడం మన విమర్శకూ పాత అలవాటే. టెన్నిస్ చూసేవాళ్ళను వెక్కిరించే ముందు ఇది ఒప్పుకోవాలి.

బట్టను అసలు చదవకూడదని నేను అనడం లేదు. సానియా 2005 వింబుల్డన్‌లో బుద్ధిమంతురాళ్ళయిన ఆడవాళ్ళు చరిత్రకెక్కడం అరుదన్న అర్థం వచ్చే మాటలున్న చొక్కా వేసుకుంది. ముక్కుకు పోగు, కళ్ళకు జోడు, ఆ చొక్కా, అవన్నీ ఆమె ఎంచుకున్న మాటలు. మాట్లాడిన మనిషికి జవాబు చెప్పడం గౌరవించడమే. ఆ మాటలు అమ్ముడుపోయే సరుకుగా ఎలా మారాయి, బట్టల కంపెనీకి ఎంత మిగిలింది, తిరుగుబాటు కూడా దుకాణంలో దొరికే వస్తువు అయితే దాని పదును ఏమవుతుంది అని అడగవచ్చు, అడగాలి. చెప్పినదాన్ని వినకుండా గుడ్డను మూరవేసి కొలవడమే నాకు అభ్యంతరం.

చివరగా మన సంగతి. నేను సోలాపూరు నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. తాతలు తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చారు. పడుగు ఏదో పేక ఏదో నాకు అక్షరాల కంటే ముందు తెలుసు. ఇంటిబయట మరాఠీ, ఇంట్లో మన తెలుగు. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో ఉన్న మీ ఇళ్ళలో కూడా ఇంచుమించు ఇదే కథ కదా. భాష పిల్లల నోట్లోంచి జారిపోతుంటే మనకు భయం వేస్తుంది. భాషను పట్టి ఉంచడం కష్టం. పిల్ల కట్టే బట్టను పట్టి ఉంచడం సులువు. అందుకని మన తెలుగుతనమంతా తెచ్చి ఆడపిల్లల లంగావోణీ మీద పెడతాం. మగపిల్లవాడు ప్యాంటు వేసుకుని, ఇంట్లో కూడా మరాఠీ మాట్లాడితే 'కాలం మారింది' అంటాం. సానియాను తప్పుపట్టిన ఆ మతపెద్ద కూడా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పెద్దే. అతని మాట తప్పు. కాని ఆ భయం నాకు పరాయిది కాదు.

ఆ ఏడాదే మావాళ్ళ బడి ఒకదానిలో నేను కమిటీలో ఉన్నాను. పరుగు పందేల్లో బాగా పరుగెత్తే పిల్ల ఒకతె ఉండేది. జిల్లా పోటీలకు నిక్కరు వేసుకుంటానంది. ఇద్దరు ముగ్గురు పెద్దలు వచ్చి అభ్యంతరం చెప్పారు. నేను సానియాను వెనకేసుకొస్తూ ఒక వ్యాసం రాసి పంపిన వారమే అది. ఆ పిల్లను పిలిచి, 'నలుగురిలో ఉన్నవాళ్ళం తల్లీ, ఈ ఒక్కసారికి సల్వారు వేసుకుని పరుగెత్తు' అన్నాను. మెత్తగానే అన్నాను. ఆ పిల్ల తల ఊపింది. పోటీ రోజున మలుపు దగ్గర సల్వారు అంచు బూటు కింద పడి బోర్లాపడింది. మోకాలు చీరుకుపోయింది. లేచి, కుంటుతూ గీత దాకా వచ్చింది. మరుసటి ఏడాది పేరు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదని నేను అడగలేదు. ఆమె ఎవరి మీదా కోపం చూపలేదు, నా మీద కూడా.

అచ్చయిన నా వ్యాసం ఇంకా నా దగ్గర ఉంది. వాక్యాలు బాగానే ఉన్నాయి. దూరాన ఉన్న ఫత్వాను ఖండించడానికి నాకు రెండు పేజీలు దొరికాయి. ఎదురుగా నిలబడ్డ పిల్లకు 'నీకు వీలైనది వేసుకో' అన్న మాట దొరకలేదు. ఇప్పుడు ఎవరైనా క్రీడాకారిణి బట్టల మీద గొడవ వచ్చినప్పుడు నేను ముందు ఏ పక్షమూ తీసుకోను. ఆ రోజు ఆమె ఎలా ఆడిందని అడుగుతాను. చాలాసార్లు జవాబు చెప్పగలిగేవాళ్ళు ఉండరు. అక్కడినుంచి మాట్లాడుకోవడం మొదలుపెడతాను.

మన సంఘాల్లో, మన బడుల్లో వచ్చే ఆటల పోటీలకు పిల్లల పేర్లు రాసుకునేటప్పుడు, ఏ బట్టలో పరుగెత్తుతావని ఆ పిల్లనే అడగండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇంతే.